డ్రాగన్ పొలుసులు, ఉల్క ఇనుము: అరుదైన పదార్థాలతో ఆయుధాలు చేయించేటప్పుడు ఏ బోనస్ ఇవ్వాలి?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా, కొత్తగా చదివేవాళ్ల కోసం. మీరు నలుగురు మిత్రులకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట (బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక పాత్ర పోషించే కథల ఆట) నడుపుతున్నారు, 2014 నాటి నియమాలతో. అంటే కథ నడిపే డీఎం మీరే. వాళ్లు మంచుకొండల్లో పూర్తిగా ఎదిగిన తెల్ల డ్రాగన్‌ను చంపి, పొలుసులూ ఎముకలూ మూటగట్టుకున్నారు. గుహ అడుగున ఒక ఉల్క ముద్ద కూడా దొరికింది. ఇప్పుడు నలుగురికీ ఇంకెవరి దగ్గరా లేని ఆయుధమో కవచమో కావాలి. మీరు నలభై పదార్థాలతో ఒక పట్టిక తయారుచేసుకుని, దేనికి ఎంత బోనస్ ఇస్తే ఆట తూకం చెడకుండా ఉంటుందని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ పట్టికను పక్కన పెట్టండి. మీ ఆటకు మూడు పదార్థాలు చాలు. ఆ మూడింటిలో ప్రతిదానికీ వేరేదానితో కాని పని ఒకటి ఉండాలి, దాని మొండితనం ఒకటి ఉండాలి, అందరికీ సరిపోనంత తక్కువగా దొరకాలి. బోనస్ అంకెల సంగతి చివర చూసుకోవచ్చు. చాలాసార్లు వాటి అవసరమే రాదు.

ఎందుకంటే, దెబ్బకు ఒకటి కలిపే కత్తిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆటగాడు దాన్ని కాగితం మీద ఒకసారి కూడుకుంటాడు, అంతటితో దాని కథ ముగిసిపోతుంది. దానికి డ్రాగన్ ఎముకతో చేసిన పిడి ఉందని మీరు ఎంత వర్ణించినా, మూడో వారానికి అది "నా ప్లస్ వన్ కత్తి" అయిపోతుంది. పదార్థం అరుదైనదని చెప్పాల్సింది ధర కాదు. దాన్ని ఎవరికి ఇవ్వాలి, దేనికి వాడాలి అని బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు వాదించుకున్నప్పుడే అది అరుదవుతుంది.

ఈ విషయంలో పాత నియమాల్లోనే మంచి నమూనా ఉంది, చాలామంది గమనించరు. అడమాంటైన్ అనే కల్పిత లోహం తీసుకోండి. దానితో చేసిన కవచం తొడుక్కుంటే, మీకు తగిలిన క్రిటికల్ హిట్ (ఎక్కువ హాని చేసే గట్టి దెబ్బ) మామూలు దెబ్బగా మారిపోతుంది. అదే లోహంతో ఆయుధం చేయిస్తే, 2017లో వచ్చిన అనుబంధ నియమాల ప్రకారం, అది ఏ వస్తువుకు తగిలినా ప్రతి దెబ్బా క్రిటికల్ హిట్టే. అదనపు ఖర్చు 500 బంగారు నాణేలు. ఇందులో కూడిక లేదు, తీసివేత లేదు. ఒకటే లోహం, కవచంగా ఒక స్వభావం, ఆయుధంగా ఇంకో స్వభావం.

మా బల్ల దగ్గర ఒకామె తన పాత్రకు అడమాంటైన్ సమ్మెట చేయించుకుంది. ఆ తర్వాత ఆమె శత్రువులను చూడటం దాదాపు మానేసింది. ఏ గదిలోకి వెళ్లినా మొదటి ప్రశ్న "తలుపు దేనితో చేశారు?" రెండోది "పైకప్పును మోస్తున్న స్తంభాలు ఎన్ని?" నేను ఎంతో శ్రమపడి సిద్ధం చేసిన వంతెన కాపలా పోరాటాన్ని ఆమె వంతెన గొలుసుల మీద రెండు దెబ్బలతో తేల్చేసింది. కాపలాదారులు నదిలో, మా గుంపు ఒడ్డున. నాకు ఒళ్లు మండింది కానీ, ఆ వస్తువు చేయాల్సిన పని అదే. ఆటగాడి చూపునే మార్చేసింది.

మిత్రిల్ అనే ఇంకో కల్పిత లోహం కూడా అలాంటిదే. మిత్రిల్ గొలుసు చొక్కాను మామూలు బట్టల కింద తొడుక్కోవచ్చు. యుద్ధంలో అది పెద్ద విశేషం కాదు. ఆయుధాలు, కవచాలు బయట వదిలి రావాలనే రాజదర్బారులో మాత్రం దాని విలువ తెలుస్తుంది. కాబట్టి మిత్రిల్ ఇచ్చిన డీఎం రెండు మూడు సెషన్లలోపు ఒక విందో, పెళ్లో, దర్బారో పెట్టాలి. పెట్టకపోతే ఇచ్చి ప్రయోజనం లేదు.

ఇక మీ డ్రాగన్ పొలుసుల సంగతి. ఇక్కడ మీరు కొత్తగా కనిపెట్టాల్సింది తక్కువ. డ్రాగన్ పొలుసుల కవచం నియమాల్లోనే ఉంది: ఆర్మర్ క్లాస్‌కు (దెబ్బ తగలకుండా కాచే అంకె) ఒకటి అదనం, డ్రాగన్ల భీకర రూపానికీ ఊపిరి దాడికీ ఎదురు నిలిచేటప్పుడు అనుకూలత (పాచిక రెండుసార్లు వేసి మంచిది తీసుకోవడం), ఆ రంగు డ్రాగన్‌కు చెందిన ఒక రకం హాని నుంచి రక్షణ. తెల్లది కాబట్టి చలి. వీటికి తోడు, 30 మైళ్ల లోపు అదే జాతి డ్రాగన్ ఎక్కడుందో రోజుకోసారి పసిగట్టవచ్చు. ఇది "వెరీ రేర్" తరగతి వస్తువు. 2017 అనుబంధం ప్రకారం ఆ తరగతి వస్తువుకు కావలసిన పదార్థం 13 నుంచి 18 ఛాలెంజ్ రేటింగ్ (ఎంత ప్రమాదకరమో చెప్పే అంకె) ఉన్న జీవి నుంచి రావాలి. ఎదిగిన తెల్ల డ్రాగన్ రేటింగ్ 13. అంచున ఉంది, కానీ అర్హత ఉంది. ఖర్చు 20,000 బంగారు నాణేలు, సమయం 25 వారాలు.

25 వారాలు అనగానే ఆటగాళ్ల ముఖాలు వాడిపోతాయి. నేను ఆ సమయాన్ని తగ్గించను. కమ్మరికి అప్పగించి వెళ్లిపొమ్మంటాను. ఇంకో రెండు సాహసాలు అయ్యేలోపు కవచం తయారవుతుంది. మధ్యలో ఒకసారి ఆ ఊరి మీదుగా వెళ్తే సగం కుట్టిన కవచం కొయ్యబొమ్మకు తగిలించి ఉంటుంది. ఖర్చులో సగానికి బదులు ఏదైనా పని చేసిపెట్టమంటాను. చేతికి వచ్చేసరికి దాని మీద వాళ్లకు మమకారం పుట్టి ఉంటుంది.

అసలు తగువు పరిమాణం దగ్గర వస్తుంది. "అంత పెద్ద డ్రాగన్‌కు ఒక్క కవచమేనా?" అని తప్పకుండా అడుగుతారు. 2003 నాటి మూడున్నరో ఎడిషన్ నియమాల్లో దీనికి జవాబుంది, నేను ఇప్పటికీ అదే వాడతాను. అందులో ఒక డ్రాగన్ చర్మానికి ఒక్క కవచమే, అది కూడా డ్రాగన్ కంటే ఒక మెట్టు చిన్న జీవికి సరిపడే తోలు కవచం. మంచి పొలుసులు మాత్రమే ఏరుకుని గట్టి కవచం చేయించాలంటే ఇంకా చిన్న జీవికే సరిపోతుంది. డ్రాగన్ తగినంత పెద్దదైతే ఒక డాలు అదనం. మీ డ్రాగన్ పరిమాణానికి లెక్క వేస్తే, మనిషి ఆకారానికి ఒక పట్టీల కవచం, ఒక డాలు. నలుగురిలో ఇద్దరికి.

దీనికి నేను ఒక సొంత నియమం చేర్చుకున్నాను: డ్రాగన్ ఎలా చచ్చిందన్నదాన్ని బట్టి చర్మం ఎంత మిగులుతుందో తేలుతుంది. గొడ్డలితో ముక్కలు చేస్తే పొలుసులు చీలిపోతాయి. తెల్ల డ్రాగన్ మీద అగ్నిగోళాలు కురిపిస్తే చర్మం ముడుచుకుపోతుంది. ఈ సంగతి పోరాటానికి ముందే ఏ వేటగాడి నోటో చెప్పించాలి, తర్వాత చెబితే అన్యాయం. మీరు ముందు చెప్పలేదు కాబట్టి ఈసారి వదిలేయండి, వచ్చే డ్రాగన్‌కు అమలు చేయండి. మా వాళ్లకు చెప్పాక, మాంత్రికుడు అగ్నిగోళం వేయబోతుంటే యోధుడు "నా కవచం, నా కవచం" అని అరిచాడు. గాయాలతో పడిపోతూ కూడా.

పొలుసుల కవచం మరీ కల్పన అనుకోకండి. అలుగు (చీమలు తినే పొలుసుల జంతువు, పాంగోలిన్) పొలుసులతో మన దేశంలో చేసిన ఒక చొక్కా ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో, రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో ఉంది. పొలుసుల మీద బంగారు పూత నగిషీ. దాని ఫొటో వెతికి మీ ఆటగాళ్లకు చూపించండి, వర్ణన రాసుకునే శ్రమ తప్పుతుంది. ఒక పొలుసు మీద ఇంకో పొలుసు ఎలా పరుచుకుందో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఉల్క ఇనుము మీ దగ్గరున్న వాటిలో అసలైన రత్నం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పదార్థపు మొండితనం అని పైన అన్నది ఏమిటో దీనితోనే బాగా తెలుస్తుంది.

1621లో జలంధర్ దగ్గర ఒక ఊళ్లో ఉల్క పడింది. దాన్ని తవ్వి తీసి జహంగీర్ చక్రవర్తి దగ్గరకు పంపారు. ఆయన తూయించాడు, 160 తులాలు వచ్చింది. ఉస్తాద్ దావూద్ అనే పనివాణ్ణి పిలిచి కత్తి, బాకు, చాకు చేయమన్నాడు. దావూద్ ప్రయత్నించి, ఇది సమ్మెట కింద నిలవడం లేదు, పగిలిపోతోంది అని విన్నవించుకున్నాడు. అలాగైతే వేరే ఇనుము కలపమన్నాడు చక్రవర్తి. మూడు పాళ్లు ఉల్క ఇనుము, ఒక పాలు మామూలు ఇనుము కలిపాక పని కుదిరింది. రెండు కత్తులు, ఒక బాకు, ఒక చాకు తయారయ్యాయి. ఇదంతా జహంగీర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ చాకు ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో ఉంది.

ఇందులో ఆట ఎక్కడుందో చూడండి. చక్రవర్తి దగ్గర డబ్బుంది, పదార్థముంది, పనివాడున్నాడు. అయినా లోహం మాట వినలేదు. నాలుగో పాలు ఏది కలపాలన్న ప్రశ్న వచ్చింది. మీ కమ్మరి చేత కూడా అదే మాట అనిపించండి: "ఇది ఒంటరిగా నిలవదయ్యా, ఏదైనా కలపాలి. ఏం కలపమంటావు?" ఈ ప్రశ్న ఆటగాడికి వదిలేయండి. వెండి కలిపితే తోడేలు మనుషుల మీద పనిచేస్తుంది. ఏదో గుడి గంట ముక్క కలిపితే ఇంకేదో. మా ఆటలో యోధుడి పాత్ర పోషించే కుర్రాడు కాసేపు ఆలోచించి, పాత్ర చరిత్రలో మొదటి రోజు నుంచి రాసుకున్న తండ్రి కత్తిని బల్ల మీద పెట్టాడు. అప్పటివరకు ఆ కత్తికి ఆటలో ఏ ప్రత్యేకతా లేదు. దాన్ని కరిగించమన్నాడు. నేను ఏ పట్టికలో రాసి ఉంచినా అలాంటి వస్తువు వచ్చేది కాదు.

ఆ కత్తికి నేను ఇచ్చిన గుణం ఇది, కావాలంటే తీసుకోండి. ఆకాశం నుంచి ఒకసారి నేలకు చేరిన లోహం మళ్లీ నేలను వదలదు. అది దగ్గరున్నంతసేపు దాని యజమానిని ఎవరూ నెట్టలేరు, పడదోయలేరు, గాల్లోకి లేపలేరు, మంత్రంతో ఇంకో చోటికి పంపలేరు. శత్రువులే కాదు, మిత్రులు కూడా. ఎగిరే మంత్రం పనిచేయదు. మాయం చేసి తప్పించే మంత్రం అతణ్ణి వదిలేసి మిగతావాళ్లను తీసుకుపోతుంది. దెబ్బకు అదనపు అంకె ఒక్కటీ లేదు. మామూలు కత్తి దెబ్బే, కాకపోతే మంత్రపు ఆయుధంగా లెక్క.

రాక్షస సుడిగాలి ముందు అందరూ ఎగిరిపడుతుంటే అతనొక్కడే స్తంభంలా నిలబడిన రోజు ఆ కుర్రాడి ఆనందం చూడాలి. తర్వాత కూలిపోతున్న కోటలోంచి మాంత్రికుడు అందరినీ ఒక్క మంత్రంతో బయటపడేయబోయాడు. కత్తి వదిలితేనే వెళ్లగలడు. బల్ల దగ్గర నిశ్శబ్దం. చివరికి వదల్లేదు. మిగతా ముగ్గురు వెళ్లిపోయారు, అతను మెట్ల మీద నుంచి పరుగెత్తుకుంటూ బయటపడ్డాడు. ఆ పరుగుకే మరుసటి సెషన్ మొత్తం పట్టింది.

చూశారుగా, గుణం వేరు, లోపం వేరు అని రెండు రాసుకోలేదు. ఒకే గుణం పరిస్థితిని బట్టి వరమో శాపమో అవుతుంది. విడిగా లోపం అంటగడితే ఆటగాడు దాన్ని జరిమానాగా చూస్తాడు. ఇలా కలిసి ఉంటే అది లోహం స్వభావమని ఒప్పుకుంటాడు.

పనివాడి గురించి ఒక మాట. అరుదైన పదార్థం అంటే ఖనిజం మాత్రమే అనుకుంటారు, చెయ్యి కూడా అరుదే. తెలంగాణలో, పాత నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి, ఊళ్లోనే ఉండి, దగ్గరుండి చేయించుకుని తీసుకుపోయేవారు. 19వ శతాబ్దపు తొలి భాగంలో ఆ ఊరు చూసిన ఆంగ్లేయులు ఈ సంగతి రాశారు. దమాస్కస్ కత్తులుగా పేరుపడినవి ఇలాంటి దక్షిణాది ఉక్కుతోనే. ఈ ఉక్కు ముద్దలు యూరప్ చేరాక అక్కడి కమ్మరులు కొందరు తమ అలవాటు ప్రకారం తెల్లగా కాల్చి కొట్టారు, అది పొడిపొడిగా రాలిపోయింది. అందులో కార్బన్ దాదాపు ఒకటిన్నర శాతం. అంత కార్బన్ ఉన్న ఉక్కును తక్కువ ఎర్రదనం దగ్గర, ఓపికగా సాగదీయాలి. మూడున్నరో ఎడిషన్‌లో "కోల్డ్ ఐరన్" గురించి కూడా అచ్చంగా ఇదే ఉంటుంది: భూగర్భంలో లోతుగా దొరుకుతుంది, తక్కువ వేడిలోనే సాగదీయాలి, ధర మామూలు ఆయుధానికి రెట్టింపు. కాబట్టి మీ ఆటలో రాజధానిలోని పెద్ద కమ్మరి మీ ఉల్కను పాడుచేయగలడు. దాన్ని చేయగలిగిన ముసలావిడ ఏ మారుమూల ఊళ్లోనో ఉంటుంది. ఆమె డబ్బు అడగదు. ఏమడుగుతుందో మీ ఇష్టం.

కోల్డ్ ఐరన్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. 2014 మూల నియమాల్లో దానికి ఏ ప్రత్యేక ప్రభావమూ లేదు. పాత ఎడిషన్‌లో దయ్యపు, వనదేవతల తరహా జీవులకు అది పడేది కాదు. మీరు తెచ్చుకోవాలంటే, ఆ జీవులకు ఆ బలహీనత కూడా మీరే రాసుకోవాలి. లేకపోతే ఉత్త ఖరీదైన ఇనుము.

మొత్తంగా కూడా అంతే. పదార్థం విలువ తర్వాత ఎదురయ్యే శత్రువులోనే ఉంది. వెండి పూతకు 100 నాణేలు. తోడేలు మనిషి ఎదురుకాకపోతే అది సింగారం. అడమాంటైన్ ఇచ్చారా, మంత్రంతో నడిచే ఇనుప బొమ్మ, అంటే ఇనుప గోలెమ్‌ను తీసుకురండి. దాని మీద మంత్రం లేని మామూలు ఆయుధాలు పనిచేయవు, అడమాంటైన్ పనిచేస్తుంది. తుప్పు భూతాన్ని మాత్రం వస్తువు ఇచ్చిన వెంటనే తేకండి. అది మంత్రం లేని ఇనుమునే తింటుంది నిజమే, కానీ ఆటగాళ్లు దాన్ని మీ పగ కిందే లెక్కేస్తారు.

ఎముకల గురించి మీరు ప్రత్యేకంగా అడగలేదు. నేనైతే డ్రాగన్ ఎముకలతో ఆయుధం చేయనివ్వను, అంత తేలిగ్గా అయితే చేయనివ్వను. మన పురాణాల్లో అన్నిటికంటే గొప్ప ఎముక ఆయుధం వజ్రాయుధం. దధీచి మహర్షిని దేవతలు వేటాడలేదు, వెళ్లి అడిగారు. ఆయన ఒప్పుకుని దేహం వదిలాడు. విష్ణు చక్రం, శివుడి త్రిశూలం కూడా విశ్వకర్మ సూర్యుణ్ణి సానపట్టినప్పుడు రాలిన తేజస్సుతో చేసినవే అంటారు. ఆ సానపట్టడం సూర్యుడి భార్య సంజ్ఞ కోసం, వేడి తగ్గించడానికి. ఆయుధాలు చేద్దామని మొదలుపెట్టిన పని కాదది. చంపి దోచుకోవడం ఒక్కటే దారి కానక్కర్లేదని చెప్పడానికి ఇవి పనికొస్తాయి. మీ డ్రాగన్ ఎలాగూ చచ్చింది. దాని ఆత్మతో మాట్లాడి ఎముకలు అడగాలని నియమం పెట్టండి. చంపినవాళ్లకే అది ఇస్తుందా? ఇస్తే దేనికి బదులుగా? నలుగురిలో పూజారి ఉంటే ఆ సెషన్ అతనిది.

కంప్యూటర్ ఆటల్లోంచి పట్టిక తెచ్చుకున్నానని రాశారు. అక్కడ నలభై పదార్థాలు నడుస్తాయి, ఎందుకంటే లెక్క యంత్రం చూసుకుంటుంది. స్కైరిమ్‌లో డేడ్రిక్ కవచానికి ఎబొనీ కడ్డీలతో పాటు డేడ్రా గుండె కావాలి, దానికోసం తిరగడమే సగం ఆట. బల్ల దగ్గర పదిహేడు పొలుసులు, ఆరు కోరలు అని పద్దు రాయడం ఎవరికీ ఇష్టం ఉండదు. అక్కడినుంచి తెచ్చుకోదగ్గది వేరే ఉంది. డార్క్ సోల్స్ మొదటి భాగంలో పెద్ద తోడేలు సిఫ్‌ను చంపితే దక్కే ఆత్మ ఒక్కటే. దానితో కత్తయినా చేయించుకోవచ్చు, డాలయినా చేయించుకోవచ్చు, ఏదో ఒక్కటే. ఆ ఒక్క నియమం మీ నలభై వరసల కంటే ఎక్కువ పనిచేస్తుంది.

తూకం గురించి భయపడకండి. ఇలాంటి ప్రతి వస్తువుకూ అట్యూన్‌మెంట్ (వస్తువుకూ దాన్ని వాడేవాడికీ వేసే ముడి) పెట్టండి, ఒకరికి మూడుకు మించి కుదరదు కాబట్టి పోగుపడవు. హాని రక్షణలు అడిగినవాళ్లందరికీ పంచకండి. ఎక్కువైందనిపిస్తే తీసేసుకోకండి, దాని స్వభావంలోని ఇంకో వైపు చూపించండి.

మీ చోట నేనుంటే వచ్చే సెషన్ ఇలా నడుపుతాను. పొలుసులు ఒక కవచానికి, ఒక డాలుకు సరిపోతాయని కమ్మరి చేత చెప్పిస్తాను. ఉల్క ముద్ద ఒక కత్తికో రెండు బాకులకో వస్తుందని, కలపాల్సింది తెచ్చుకోమని చెప్పిస్తాను. ఎముకలు ప్రస్తుతానికి మౌనం. తర్వాత ఒక గంటసేపు నోరు మూసుకుని వాళ్ల వాదన వింటాను. ఎవరికి ఏది అన్న పంచాయితీలో డీఎం తలదూర్చకూడదు.

మీ నలుగురిలో ఎవరిది ఏ పాత్రో రాయలేదు. డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాల పూజారి) ఉంటే సంగతి కాస్త మారుతుంది, లోహపు కవచం తొడుక్కోరు కాబట్టి పొలుసుల మీద మొదటి హక్కు వాళ్లే అడుగుతారు. అది చెబితే ఎముకల విషయంలో ఇంకొంచెం వివరంగా రాస్తాను.